హైదరాబాద్‌లో ఖాతా, అమెరికాలో ఉద్యోగం: పన్ను రిపోర్టింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఏప్రిల్ మధ్య వరకు అమీర్‌పేటలోని మా ఆఫీసుకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. డాలస్ నుంచి కూతురు అడుగుతుంది, అదే ఖాతా గురించి కూకట్‌పల్లి నుంచి తండ్రి అడుగుతారు. ఇద్దరి భయమూ ఒకటే: "చెబితే ఏమవుతుందో!" ఖాతా ఉందని తెలియజేయడం ఒక పని, దాని మీద పన్ను కట్టడం ఇంకో పని. ఈ రెండింటినీ కలిపేసుకుని, రూపాయి కూడా పన్ను పడని ఖాతాను దాచిపెట్టి, పెద్ద జరిమానా దాకా తెచ్చుకున్న కుటుంబాలను చూశాం. అలాంటిది ఇంకొకరికి జరగకూడదనే ఈ పేజీ.

ఇది అమెరికాలో ఉంటూ ఇక్కడ ఖాతా ఉంచుకున్నవాళ్ల కోసం. ఇండియాలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి. అందుకే సెక్షన్లు రాయలేదు. ఫారాలకు మాత్రం అందరి నోట్లో నానిన పాత పేర్లే వాడాను.

## వెళ్లే ముందు, వెళ్లిన కొత్తలో

ఉద్యోగం మీద అమెరికా వెళ్తున్నాను. ఇక్కడి సేవింగ్స్ ఖాతా అలాగే ఉంచుకోవచ్చా?

మామూలు రెసిడెంట్ ఖాతాగా ఉంచుకోకూడదు. ఉద్యోగానికో చదువుకో దేశం దాటితే విదేశీ మారకద్రవ్య చట్టం, అంటే ఫెమా దృష్టిలో మీరు ఎన్‌ఆర్‌ఐ. బ్యాంకుకు తెలియజేసి ఆ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి. పాస్‌పోర్టు, వీసా కాపీలు, అక్కడి అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు. ఆదాయపు పన్ను లెక్క వేరు, అక్కడ రోజులు చూస్తారు. ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే 182 రోజులు ఇక్కడే గడిపాక వెళ్లినవాళ్లు, అంటే అక్టోబర్‌లోనో ఆ తర్వాతో విమానం ఎక్కినవాళ్లు, ఆ ఏడాదికి పన్ను విషయంలో ఇక్కడి రెసిడెంటే. ఒకే మనిషి ఒకే ఏడాది బ్యాంకు దగ్గర ఎన్‌ఆర్‌ఐ, పన్ను శాఖ దగ్గర రెసిడెంట్ కావచ్చు. కంగారు పడకండి.

ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ రెండూ ఎందుకు? ఒకటి చాలదా?

ఇక్కడ పుట్టే డబ్బుకు ఎన్‌ఆర్‌ఓ: ఇంటి అద్దె, పాత ఎఫ్‌డీ వడ్డీ, షేర్ల డివిడెండ్. అక్కడ సంపాదించి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ. ఎన్‌ఆర్‌ఈలోది ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకెళ్లొచ్చు, ఇండియాలో దాని వడ్డీకి పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల వరకే, పన్ను కట్టిన కాగితాలు చూపించి పంపుకోవాలి. ఇక్కడ అద్దెలూ వడ్డీలూ ఏమీ లేకపోతే ఎన్‌ఆర్‌ఈ ఒక్కటే చాలు.

ఎఫ్‌1 వీసా మీద చదువుతున్నాను. నేనూ ఎఫ్‌బార్ (అమెరికా బయటి ఖాతాల జాబితా) వేయాలా?

మామూలుగా అక్కర్లేదు. ఎఫ్‌1 విద్యార్థులకు మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాల రోజులు అమెరికా రెసిడెన్సీ లెక్కలోకి రావు. ఆగస్టులో వెళ్లినా, డిసెంబర్‌లో వెళ్లినా అది ఒక పూర్తి ఏడాది కిందే లెక్క. హెచ్1బీకి మారాక, ఆ ఏడాది కనీసం 31 రోజులు, మూడేళ్ల లెక్కలో 183 రోజులు నిండితే పన్ను విషయంలో రెసిడెంట్ అవుతారు. మూడేళ్ల లెక్క అంటే ఈ ఏడాది రోజులన్నీ, నిరుటి వాటిలో మూడో వంతు, ముందటేడు వాటిలో ఆరో వంతు. ఆ ఏడాది నుంచి హైదరాబాద్ ఖాతాల సంగతి మొదలవుతుంది. ఎంఎస్ చేసి, ఓపీటీ (చదువయ్యాక ఎఫ్‌1 మీదే చేసే ఉద్యోగం) చేసి, హెచ్1కు మారిన పిల్లలు సరిగ్గా ఈ మలుపులోనే మరిచిపోతున్నారు.

మా బ్యాంకువాళ్లు ఎస్‌ఎస్‌ఎన్ (అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబర్) అడుగుతున్నారు. ఇస్తే ఏమన్నా ప్రమాదమా?

ఇవ్వాలి. విదేశీ ఖాతాల సమాచారం రాబట్టే అమెరికా చట్టం ఫాట్కా అమలు కోసం ఇండియా, అమెరికా 2015 జులైలో ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం అమెరికా పన్ను పరిధిలో ఉన్నవాళ్ల ఖాతాల వివరాలను ఇక్కడి బ్యాంకులు మన పన్ను శాఖకు ఇస్తాయి, అక్కడి నుంచి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు వెళ్తాయి. డిక్లరేషన్ ఇవ్వకపోతే ఖాతా బ్లాక్ కావచ్చు. ఒక్క జాగ్రత్త: మెయిల్‌లోనో మెసేజ్‌లోనో వచ్చిన లింక్ నొక్కి నంబర్ ఇవ్వకండి. నెట్ బ్యాంకింగ్‌లో లాగిన్ అయ్యో, బ్రాంచికి సంతకం చేసిన ఫారం పంపో ఇవ్వండి.

ఇండియా సిమ్ ఆగిపోయింది, ఓటీపీ రావడం లేదు. స్టేట్‌మెంట్ ఎలా తీయాలి?

మీ బ్యాంకు ఎన్‌ఆర్‌ఐ ఖాతాలకు విదేశీ నంబర్ తీసుకుంటుందేమో అడగండి, చాలా బ్యాంకులు తీసుకుంటాయి. అది కుదిరేలోపు ఆథరైజేషన్ లెటర్ ఇచ్చి అమ్మనో నాన్ననో బ్రాంచికి పంపండి. ఏప్రిల్ మొదటి వారంలో వెళ్తే బ్యాంకుల్లో ఇయర్ ఎండింగ్ రద్దీ ఉంటుంది. జనవరిలోనే ఆ పని అయిపోతే పెద్దవాళ్లకు క్యూలో నిలబడే బాధ తప్పుతుంది.

## ఖాతాల లెక్క తీసేటప్పుడు

ఎఫ్‌బార్ అంటే ఏమిటి? ఎంతుంటే వేయాలి?

అమెరికా బయట మీకున్న ఖాతాల జాబితా. 1970 నాటి బ్యాంక్ సీక్రసీ చట్టం కింద, ఐఆర్‌ఎస్‌కు కాకుండా ట్రెజరీ శాఖలోని ఫిన్‌సెన్‌కు ఆన్‌లైన్‌లో పంపే ఫారం 114. దీనికి ఫీజు లేదు, దీనివల్ల పన్నూ పడదు. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా మీ విదేశీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే వేయాలి.

ఒక్కో ఖాతాలో చూస్తే పది వేల డాలర్ల కన్నా తక్కువే ఉంది. నాకు వర్తించదు కదా?

విడివిడిగా కాదు, కలిపి చూడాలి. డాలర్ 85 రూపాయలు అనుకుంటే హద్దు 8.5 లక్షలు. ఎన్‌ఆర్‌ఓలో ఎక్కువలో ఎక్కువ 2 లక్షలు, ఒక ఎఫ్‌డీ 6 లక్షలు, పీపీఎఫ్‌లో లక్షన్నర ఉన్నాయి. మొత్తం 9.5 లక్షలు, హద్దు దాటింది. అప్పుడు లక్షన్నర ఉన్నదానితో సహా అన్ని ఖాతాలూ చూపించాలి.

ఇంకో చిక్కుంది. ప్రతి ఖాతాకూ ఆ ఏడాదిలోని గరిష్ఠ నిల్వ తీసుకోవాలి. జూన్‌లో 6 లక్షల ఎఫ్‌డీ మెచ్యూర్ అయి సేవింగ్స్‌లో పడిందనుకోండి. ఎఫ్‌డీ గరిష్ఠం 6 లక్షలు, సేవింగ్స్ గరిష్ఠం కూడా 6 లక్షల పైనే. మీ చేతిలో ఉన్నది ఆరే అయినా ఫారంలో పన్నెండు కనిపిస్తుంది. "లేని డబ్బు ఎందుకు చూపించాలి" అని బాధపడతారు, కానీ అలా చూపించడమే సరైన పద్ధతి, దాని మీద పన్నేమీ పడదు. ప్రతి ఎఫ్‌డీకి వేరే ఖాతా నంబర్ ఉంటే ప్రతిదీ వేరే వరుసలో రాయాలి.

నాన్న రిటైర్మెంట్ డబ్బు ఎఫ్‌డీలో నా పేరు కూడా ఉంది. అందులో నాది ఒక్క రూపాయీ లేదు. అయినా చూపించాలా?

చూపించాలి. మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఎక్కువ మనస్తాపం కలిగించేదీ ఇదే.

నాన్నగారు సర్వీసు అయిపోగానే వచ్చిన 40 లక్షలు ఎఫ్‌డీ వేసి, రేపు తనకేమన్నా అయితే అమ్మ బ్యాంకుల చుట్టూ తిరగకూడదని అమెరికాలో ఉన్న కూతురి పేరు జాయింట్‌గా పెడతారు. ఆయన చేసినదాంట్లో తప్పులేదు. కానీ కాగితం మీద ఆమె కూడా యజమాని. కాబట్టి ఎఫ్‌బార్‌లో ఆమె వాటా సగమని 20 లక్షలు రాయకూడదు, మొత్తం 40 లక్షలూ రాయాలి, జాయింట్ యజమానిగా తండ్రి పేరు ఇవ్వాలి. ఆమెకు సొంతంగా వేరే ఖాతా లేకపోయినా ఈ ఒక్క ఎఫ్‌డీతోనే హద్దు దాటిపోతుంది.

మరి వడ్డీ? డబ్బు తండ్రిది, వడ్డీ ఆయన వాడుకుంటున్నారు, ఆయన పాన్ మీదే టీడీఎస్ పడుతోంది, ఆయన రిటర్నులోనే చూపిస్తున్నారు అన్నప్పుడు ఆ ఆదాయం ఆయనదే. కూతురు అమెరికాలో దాని మీద పన్ను కట్టక్కర్లేదు. అయితే అది ఆయన డబ్బే అనడానికి ఆధారాలుండాలి: రిటైర్మెంట్ డబ్బు జమైన పాస్‌బుక్ పేజీ, ఆ ఖాతా నుంచి ఎఫ్‌డీకి వెళ్లిన ఎంట్రీ, ఆయన రిటర్ను కాపీ. ఈ మూడూ స్కాన్ చేసి దాచుకోండి.

ఇంట్లో మాట్లాడుకుని జాయింట్ పేరు తీయించి నామినీగా మార్చుకోవడం చాలా కుటుంబాలకు మేలని నా అభిప్రాయం. అమ్మ పేరు జాయింట్‌గా, పిల్లల పేరు నామినీగా పెడితే నాన్నగారి ఉద్దేశం నెరవేరుతుంది, కూతురికీ ఏటా టెన్షన్ తప్పుతుంది. పేరు తీయించిన ఏడాదికి మాత్రం ఎఫ్‌బార్ వేయాల్సిందే.

నేను నామినీని మాత్రమే.

అయితే చూపించక్కర్లేదు. నామినీకి ఖాతాదారు బతికి ఉన్నంతకాలం ఏ హక్కూ లేదు.

ఖాతా అమ్మదే, నాకు సంతకం చేసే పవర్ ఉంది. అది లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. మీ సంతకంతో బ్యాంకు డబ్బు కదిలిస్తుందంటే, యజమాని కాకపోయినా ఎఫ్‌బార్‌లో వేరే భాగంలో చూపించాలి. అమెరికా రిటర్నుతో పాటు ఇచ్చే ఫారం 8938లో (దీని సంగతి కింద ఉంది) మాత్రం సంతకం అధికారం ఒక్కటే ఉన్నవాటిని చూపించక్కర్లేదు.

పీపీఎఫ్, ఎల్‌ఐసీ, డీమ్యాట్, లాకర్‌లో బంగారం, మియాపూర్ ఫ్లాట్: ఏది రాయాలి, ఏది వద్దు?

డీమ్యాట్, మ్యూచువల్ ఫండ్ ఫోలియోలు, సరెండర్ విలువ ఉన్న ఎల్‌ఐసీ పాలసీలు ఎఫ్‌బార్‌లోకి వస్తాయి. పీపీఎఫ్, పీఎఫ్ కూడా చూపించేయండి. ఎక్కువ చూపించినందుకు ఎవరూ జరిమానా వేయరు. ఎల్‌ఐసీ వాళ్లు ఏడాదిలో సరెండర్ విలువ ఎంతో లెటర్ ఇస్తారు. అందులో బోనస్ కలిసిందో లేదో చూసుకోండి.

మీ పేరు మీదే నేరుగా ఉన్న ఫ్లాటు, ప్లాటు, పొలం ఎఫ్‌బార్‌లోనూ రావు, 8938లోనూ రావు. లాకర్ బ్యాంకు ఖాతా కాదు, అందులోని నగలూ రావు. ఫ్లాటు మీద అద్దె వస్తే ఆ అద్దె మాత్రం అమెరికా రిటర్నులో చూపించాల్సిన ఆదాయం.

రూపాయలను డాలర్లలోకి మార్చడానికి ఏ రేటు వాడాలి?

ఎఫ్‌బార్‌కు అమెరికా ట్రెజరీ డిసెంబర్ 31కి ప్రకటించే రేటు. గరిష్ఠ నిల్వ మార్చిలో వచ్చినా సరే, రేటు మాత్రం డిసెంబర్ 31దే. సెంట్లు వదిలేసి పై డాలర్‌కు రౌండ్ చేయాలి. వడ్డీ ఆదాయానికైతే ఆ ఏడాది సగటు రేటు వాడొచ్చు.

అమెరికాలో పుట్టిన మనవరాలి పేరు మీద తాతయ్య ఎఫ్‌డీ వేశారు. చిన్నపిల్ల కదా?

పాప అమెరికా పౌరురాలు, వయసుతో సంబంధం లేదు. పాప పేరున ఉన్నవన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే పాప పేరు మీదే ఎఫ్‌బార్ వేయాలి, తల్లో తండ్రో సంతకం చేయాలి. సుకన్య సమృద్ధి మాత్రం ఎన్‌ఆర్‌ఐ పిల్లల పేరున తెరవకూడదు.

## అమెరికా రిటర్ను వేసేటప్పుడు

ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి పన్ను లేదని బ్యాంకు మేనేజరే చెప్పారు. మళ్లీ అమెరికాలో కట్టమంటారేంటి?

మేనేజర్ చెప్పింది ఇండియా వరకు నిజం. అమెరికా తన రెసిడెంట్లను ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా పన్ను అడుగుతుంది. కాబట్టి ఎన్‌ఆర్‌ఈ, ఎఫ్‌సీఎన్‌ఆర్ (విదేశీ కరెన్సీ డిపాజిట్), పీపీఎఫ్ వడ్డీలన్నీ అక్కడ మామూలు ఆదాయమే. ఇక్కడ పన్ను పడలేదు కాబట్టి అక్కడ తగ్గించుకోవడానికి క్రెడిట్ కూడా ఉండదు. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీకి ఏడు శాతం వస్తుందని సంబరపడేవాళ్లు, అమెరికా పన్నూ రూపాయి విలువ తగ్గుదలా పోగా ఎంత మిగులుతుందో లెక్కేసుకోవాలి.

బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చికి ఇచ్చింది. అమెరికాకు జనవరి నుంచి డిసెంబర్ కావాలి. ఎలా?

సర్టిఫికెట్ పక్కన పెట్టండి. నెట్ బ్యాంకింగ్‌లో జనవరి 1 నుంచి డిసెంబర్ 31 వరకు తేదీలు ఇచ్చి స్టేట్‌మెంట్ తీయండి. సేవింగ్స్ వడ్డీ మూడు నెలలకోసారి పడుతుంది, అంటే ఏడాదికి నాలుగు ఎంట్రీలు. వాటిని కూడితే సరిపోతుంది. టీడీఎస్ పోగా చేతికొచ్చినది కాదు, కోతకు ముందున్న మొత్తం రాయాలి.

క్యుములేటివ్ ఎఫ్‌డీ దగ్గరే చాలామంది తడబడతారు. ఐదేళ్ల తర్వాత ఒకేసారి డబ్బు వస్తుంది కదా, అప్పుడే చూపిద్దాం అనుకుంటారు. ఏడాది మించిన డిపాజిట్లకు అమెరికా ఏటా పేరుకున్న వడ్డీనే ఆ ఏడాది ఆదాయంగా చూస్తుంది. ఇక్కడ ఎన్‌ఆర్‌ఓ ఎఫ్‌డీ అయితే బ్యాంకు కూడా ఏటా టీడీఎస్ కోస్తుంది, కాబట్టి రెండు వైపులా ఏటేటా చూపించుకుంటూ పోతేనే లెక్కలు కలుస్తాయి.

ఎఫ్‌బార్ వేశాను. ఫారం 8938 మళ్లీ ఎందుకు?

రెండూ వేర్వేరు చట్టాలు, ఒకటి వేస్తే రెండోది తీరదు. 8938 అనేది 2010 నాటి ఫాట్కా కింద ఐఆర్‌ఎస్‌కు రిటర్నుతో పాటు ఇచ్చేది. అమెరికాలో ఉంటున్న ఒంటరి వ్యక్తికి డిసెంబర్ 31న 50,000 డాలర్లు గానీ ఏడాదిలో ఎప్పుడైనా 75,000 గానీ దాటితే వేయాలి. కలిసి రిటర్ను వేసే దంపతులకు ఇవి లక్ష, లక్షన్నర. బ్యాంకు ఖాతాలే కాకుండా, మీ చేతిలో కాగితంగా ఉన్న విదేశీ కంపెనీ షేర్లు కూడా ఇందులోకి వస్తాయి.

వడ్డీ వందో రెండొందలో డాలర్లే. అమెరికా రిటర్నులో వడ్డీ వివరాలు రాసే షెడ్యూల్ బీ అక్కర్లేదు కదా?

విదేశీ ఖాతా ఉంటే వడ్డీ ఎంత తక్కువైనా కావాలి. దాని మూడో భాగంలో "విదేశంలో ఖాతా ఉందా" అన్న ప్రశ్న ఉంటుంది. ఖాతాలో ఐదు వేల రూపాయలే ఉన్నా "అవును" అనాలి. ఆ కిందే ఎఫ్‌బార్ వేయాల్సిన అవసరముందా అని ఇంకో ప్రశ్న ఉంటుంది, హద్దు దాటకపోతే దానికి "కాదు" అనండి. సాఫ్ట్‌వేర్‌లో తొందరగా నొక్కుకుంటూ పోతే మొదటిదానికే "కాదు" పడిపోతుంది. రేపు ఐఆర్‌ఎస్ ప్రశ్నిస్తే మీ సంతకం ఉన్న ఆ "కాదు" మీకే వ్యతిరేకం. దయచేసి ఈ ఒక్క చోట నిదానంగా చదవండి.

వెళ్లకముందు మొదలుపెట్టిన సిప్ నడుస్తోంది. వదిలేయనా, కొనసాగించనా?

అమెరికా రెసిడెంట్ అయ్యాక కొనసాగించొద్దనే చెబుతాను. మన మ్యూచువల్ ఫండ్లను, ఈటీఎఫ్‌లను అమెరికా పీఎఫ్‌ఐసీలుగా, అంటే కఠినమైన పన్ను లెక్క ఉండే విదేశీ పెట్టుబడి సంస్థలుగా చూస్తుంది. అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని మీ దగ్గరున్న సంవత్సరాలకు పరిచి, రెసిడెంట్‌గా ఉన్న పాత ఏళ్ల వాటాకు అప్పటి అత్యధిక పన్ను రేటు వేసి, దానిపై వడ్డీ కూడా కలుపుతారు. దీర్ఘకాలిక లాభాలకు ఉండే తక్కువ రేటు దొరకదు. సిప్‌లో ప్రతి నెల కొనుగోలూ ఒక విడి లెక్క. నెలకు ఐదు వేల సిప్ పదేళ్లు నడిస్తే 120 కొనుగోళ్లకు లెక్క తీయాలి. చాలాచోట్ల ఫండ్ మీద లాభం కన్నా సీపీఏ (అమెరికా అకౌంటెంట్) ఫీజే ఎక్కువవుతుంది.

ప్రతి ఫండ్‌కూ ఒక ఫారం 8621 వేయాలి. అన్నీ కలిపి డిసెంబర్ 31న 25,000 డాలర్ల లోపు, దంపతులైతే 50,000 లోపు ఉండి, ఆ ఏడాది అమ్మకం గానీ పెద్ద డివిడెండ్ గానీ లేకపోతే ఆ ఫారం నుంచి మినహాయింపు ఉంటుంది. వీలైతే అమెరికా రెసిడెంట్ కాకముందే అమ్మేయడం మేలు. కంపెనీ షేర్లు నేరుగా కొనుక్కుంటే మామూలుగా ఈ తలనొప్పి ఉండదు.

ఇక్కడ కోసిన టీడీఎస్‌ను అమెరికా పన్నులో తగ్గించుకోవచ్చా?

ఫారం 1116తో క్రెడిట్ తీసుకోవచ్చు, కానీ కోసినంతా కాదు. రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం బ్యాంకు వడ్డీపై ఇండియా పన్ను 15 శాతానికి మించకూడదు. బ్యాంకు 31.2 శాతం కోసిందనుకోండి, మిగతాది ఇక్కడ రిటర్ను వేసి రీఫండ్ తీసుకోవాల్సిన డబ్బు. తిరిగి రాబట్టుకోగలిగిన పన్నుకు అమెరికా క్రెడిట్ ఇవ్వదు. కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో దెబ్బ: ఆ రాష్ట్రం విదేశీ పన్నుకు క్రెడిట్ అసలే ఇవ్వదు. టెక్సాస్ వాళ్లకు రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు కాబట్టి ఆ బాధ లేదు.

చివరి తేదీలు ఏవి?

రిటర్నుకూ ఎఫ్‌బార్‌కూ ఏప్రిల్ 15. ఎఫ్‌బార్‌కు అడగకుండానే అక్టోబర్ 15 వరకు గడువు ఉంటుంది. రిటర్నుకు ఫారం 4868 వేస్తేనే అక్టోబర్ 15, ఆ గడువు కాగితాలకే గానీ పన్ను చెల్లింపుకు కాదు. 8938 రిటర్నుతో పాటే వెళ్తుంది. ఎఫ్‌బార్ కాగితాలు ఐదేళ్లు దాచుకోండి.

## హైదరాబాద్ వైపు పన్ను

ఎన్‌ఆర్‌ఓ వడ్డీలో దాదాపు మూడో వంతు కోసేశారు. ఇది న్యాయమా?

ఎన్‌ఆర్‌ఐలకు మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్‌తో 31.2 శాతం కోయాలని నిబంధన. 2 లక్షల వడ్డీకి 62,400 పోతుంది. కానీ ఇక్కడ మీకున్న ఆదాయం అదొక్కటే అయితే కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు. జులై 31 లోపు ఐటీఆర్-2 వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది. రెసిడెంట్లకు 12 లక్షల వరకు పన్ను లేకుండా చేసే రిబేటు మాత్రం ఎన్‌ఆర్‌ఐలకు వర్తించదు. రీఫండ్ వస్తుందని తెలిసిన టీడీఎస్‌కు అమెరికాలో క్రెడిట్ తీసుకోకండి.

ముందే 15 శాతానికి తగ్గించుకోవాలంటే ఐఆర్‌ఎస్ ఇచ్చే రెసిడెన్సీ సర్టిఫికెట్, అంటే ఫారం 6166, దాంతోపాటు పన్ను ఒప్పందం వర్తింపజేయడానికి వేసే 10ఎఫ్ ఫారం బ్యాంకుకు ఇవ్వాలి. 6166 కోసం ఫారం 8802తో దరఖాస్తు చేయాలి. అది రావడానికి సమయం పడుతుంది, కాబట్టి ఏడాది మొదట్లోనే వేయండి.

పాన్ పనిచేయడం లేదంటున్నారు. నాకు ఆధార్ లేదు.

ఎన్‌ఆర్‌ఐలకు ఆధార్ లింక్ తప్పనిసరి కాదు. మీరు ఎన్‌ఆర్‌ఐ అని పన్ను శాఖ రికార్డుల్లో లేకపోవడమే కారణం. పోర్టల్‌లో స్టేటస్ మార్పించుకోండి, లేకపోతే టీడీఎస్ ఎక్కువ రేటుకు పడుతుంది, రీఫండ్ కూడా ఆగుతుంది.

కొండాపూర్ ఫ్లాట్ అద్దెకిచ్చాం. అద్దెకున్నాయన పన్ను కోస్తానంటున్నాడు.

ఆయన చెప్పింది సరైనదే. ఎన్‌ఆర్‌ఐకి అద్దె కట్టేవాళ్లు 31.2 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. కోయకపోతే ఆ పన్ను అద్దెకున్నాయన మీద పడుతుంది, మంచి మనిషి ఇబ్బంది పడతాడు. అమెరికాలో ఇదే అద్దె రిటర్నులోని షెడ్యూల్ ఈలో చూపించాలి. అక్కడ 30 ఏళ్ల లెక్కన తరుగుదల తీసుకోవచ్చు కాబట్టి చాలాసార్లు పన్ను తక్కువే పడుతుంది.

ఫ్లాట్ అమ్మి డబ్బు తెచ్చుకోవాలి. ఏం చూసుకోవాలి?

రెండేళ్లు దాటిన ఆస్తి అయితే లాభంపై 12.5 శాతం, పైన సర్‌చార్జి, సెస్. 2024 జులై 23 నుంచి ఇండెక్సేషన్ (ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి లెక్కేసుకోవడం) లేదు. పాత ఆస్తులకు రెసిడెంట్లకిచ్చిన 20 శాతం ఆప్షన్ ఎన్‌ఆర్‌ఐలకు లేదు. అసలు ఇబ్బంది టీడీఎస్‌తో. కొనేవాళ్లు మామూలుగా లాభం మీద కాకుండా మొత్తం ధర మీద కోస్తారు. అందుకే అగ్రిమెంటుకు ముందే ఫారం 13 వేసి, తక్కువ కోయమని సర్టిఫికెట్ తెచ్చుకోండి. మీరు ఎన్‌ఆర్‌ఐ అని కొనేవాళ్లకు ముందే చెప్పండి. చెప్పకపోతే వాళ్లు రెసిడెంట్ అనుకుని ఒక్క శాతమే కోసి, తర్వాత నోటీసు అందుకుంటారు. డబ్బు ఎన్‌ఆర్‌ఓలో పడ్డాక సీఏ ఇచ్చే 15సీబీ సర్టిఫికెట్, మీరు వేసే 15సీఏ డిక్లరేషన్‌తో అమెరికాకు పంపుకోవచ్చు. అదే లాభాన్ని అమెరికా రిటర్నులోనూ చూపించి, ఇక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవాలి.

అక్కడ ఇల్లు కొనడానికి నాన్న కోటి రూపాయలు ఇస్తున్నారు. పన్ను పడుతుందా?

మీకు పన్ను పడదు, కానీ తెలియజేయాలి. విదేశీ వ్యక్తి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి కానుకో వారసత్వమో వస్తే ఫారం 3520 వేయాలి. వేయకపోతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం వరకు జరిమానా పడొచ్చు. ఆరోగ్యం బాగాలేని తల్లిదండ్రుల నుంచి వచ్చిన డబ్బు మీద అలాంటి నోటీసు వస్తే ఆ కుటుంబం పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాన్నగారి వైపు చూస్తే, ఇండియా నుంచి బయటికి పంపడానికి ఒకరికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది. 10 లక్షల రూపాయలు దాటిన భాగంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) తీసుకుంటుంది, దాన్ని ఆయన తన రిటర్నులో సర్దుకోవచ్చు.

నేనే అమ్మానాన్నలకు నెలనెలా పంపుతాను. దానికేమైనా ఉందా?

ఇక్కడ వాళ్లకు పన్ను లేదు. అక్కడ 2025లో ఒక్కొక్కరికి 19,000 డాలర్లు దాటితే మీరు కానుకల రిటర్ను, అంటే ఫారం 709 వేయాలి, మామూలుగా పన్ను పడదు. 2026 నుంచి వచ్చిన 1 శాతం రెమిటెన్స్ పన్ను నగదు, మనీ ఆర్డర్ లాంటివాటితో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి పంపేవాళ్లకు లేదు.

## ఆలస్యమైపోతే

ఏళ్లుగా ఎఫ్‌బార్ వేయలేదు. ఇప్పుడు వేస్తే పట్టుబడతానా?

ఐఆర్‌ఎస్ మిమ్మల్ని అడగకముందే మీరు ముందుకొస్తే దారులున్నాయి. అందుకే ఇవాళే మొదలుపెట్టండి.

వడ్డీ అంతా రిటర్నుల్లో చూపించి, ఎఫ్‌బార్ ఒక్కటే మరిచిపోయి ఉంటే పాతవి ఆన్‌లైన్‌లో వేసి, ఆలస్యానికి కారణం రాస్తే చాలు, ఆ పద్ధతిలో జరిమానా వేయరు. వడ్డీ కూడా చూపించకపోయి, అది తెలియక జరిగితే స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి. మూడేళ్ల రిటర్నులు సవరించాలి, ఆరేళ్ల ఎఫ్‌బార్లు వేయాలి, కావాలని చేయలేదని ఏం జరిగిందో వివరంగా రాసి సంతకం పెట్టాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు 5 శాతం జరిమానా ఉంటుంది. నిబంధనల ప్రకారం విదేశంలో ఉంటున్నవాళ్లకు అదీ లేదు.

ఆ వివరణ మీ మాటల్లో, నిజంగా ఉండాలి. ఎవరిదో కాపీ చేసి పెట్టొద్దు. ఎవరికీ చెప్పకుండా పాత రిటర్నులు సవరించి పంపేసే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. తెలిసే దాచారన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా సీపీఏ కన్నా ముందు అమెరికా టాక్స్ లాయర్‌తో మాట్లాడండి.

జరిమానా నిజంగా అంత ఉంటుందా?

తెలియక చేస్తే చట్టంలో 10,000 డాలర్ల వరకు, ద్రవ్యోల్బణంతో ఆ అంకె ఏటా పెరుగుతోంది. ఇది ఒక్కో ఖాతాకు కాదు, ఒక్కో ఏడాది ఎఫ్‌బార్‌కు అని 2023లో బిట్నర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఎఫ్‌డీలు పదీ పదిహేను పెట్టుకునే మనవాళ్లకు ఆ తీర్పు పెద్ద ఊరట. తెలిసి దాస్తే మాత్రం లక్ష డాలర్ల పైన లేదా ఖాతాలో సగం, ఏది ఎక్కువైతే అది. 8938కి వేరుగా 10,000 డాలర్లు.

## తిరిగి వచ్చేశాక

గ్రీన్‌కార్డుతో హైదరాబాద్ వచ్చేశాం. ఇక అమెరికాతో పనేముంది?

కార్డు ఉన్నంతకాలం, పౌరసత్వమైతే ఎప్పటికీ, అమెరికా రిటర్నూ ఎఫ్‌బారూ కొనసాగుతాయి. కార్డు మీద గడువు తేదీ దాటినంత మాత్రాన బాధ్యత తీరదు. ఫారం ఐ-407తో అధికారికంగా వదులుకోవాలి, చాలా ఏళ్లు ఉన్నవాళ్లు అంతకుముందు లాయర్‌ను అడగాలి. విదేశంలో ఉంటున్నవాళ్లకు 8938 హద్దు పెద్దది: ఒంటరికి డిసెంబర్ 31న 2 లక్షల డాలర్లు, దంపతులకు 4 లక్షలు. ఎఫ్‌బార్ హద్దు మాత్రం అదే 10,000.

హెచ్1 ముగించుకుని వచ్చేశాను. అమెరికా ఖాతా, అక్కడి రిటైర్మెంట్ ఖాతా 401కే ఇప్పుడు ఇక్కడ చూపించాలా?

వెంటనే కాకపోవచ్చు. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ఎన్‌ఆర్‌ఐ అయినా, గత ఏడేళ్లలో ఇక్కడ 729 రోజులు మించకపోయినా మీరు ఆర్‌ఎన్‌ఓఆర్, అంటే ఇంకా పూర్తి రెసిడెంట్ కానివాళ్లు. ఆ కాలంలో అమెరికా వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఇక్కడి రిటర్నులో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్‌ఏ కూడా అక్కర్లేదు. పూర్తి రెసిడెంట్ అయిన ఏడాది నుంచి విదేశీ ఖాతాలన్నీ ఆ షెడ్యూల్‌లో, జనవరి నుంచి డిసెంబర్ లెక్కన చూపించాలి. చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా ఉంది. స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తులు 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబర్ 1 నుంచి ఆ జరిమానా నుంచి మినహాయింపు ఇచ్చారు, అయినా షెడ్యూల్ నింపాలి. 401కేపై పన్నును డబ్బు తీసుకునేటప్పటికి వాయిదా వేసుకోవడానికి 10-ఈఈ ఫారం ఉంది, రిటర్ను గడువు లోపే వేయాలి. ఇక్కడి ఎన్‌ఆర్‌ఓను మళ్లీ రెసిడెంట్ ఖాతాగా, ఎన్‌ఆర్‌ఈని రెసిడెంట్ లేదా ఆర్‌ఎఫ్‌సీ (విదేశీ కరెన్సీ) ఖాతాగా మార్పించుకోవడానికి బ్యాంకుకు వచ్చిన వెంటనే రాసి ఇవ్వండి.